గుర్రుమనడం మానేసిన కుక్క: హన్మకొండలో మేం చూసిన రెండు ట్రైనింగులు

హన్మకొండలో కుక్కకు ట్రైనింగ్ ఎక్కడ ఇప్పించాలి అని అడిగేవాళ్లు ఈ మధ్య బాగా ఎక్కువయ్యారు. మేం రెండు చోట్ల డబ్బులు కట్టాం. మొదటి చోట కుక్క పాడైంది, రెండో చోట బాగుపడింది. మొదటివాళ్ల పేరు రాయను. రెండో ఆమె ఒక్కతే ఇంటింటికీ తిరిగి చేస్తుంది, ఒకేసారి నాలుగు కుక్కల కంటే ఎక్కువ తీసుకోదు, పేరు, నంబరు బయట పెట్టొద్దని అడిగింది కాబట్టి ఆమె పేరూ రాయట్లేదు. కానీ పద్ధతి తెలిస్తే మంచి ట్రైనర్‌ని మీరే గుర్తుపట్టొచ్చు, అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను.

మా సుక్కి వీధికుక్క. రెండేళ్ల కింద వానాకాలంలో కాజీపేట వైపు రోడ్డు పక్కన ముందుకాలు ఎత్తుకుని కుంటుతూ మా ఆయనకు కనపడింది, ఎవరో రాళ్లతో కొట్టారని పక్కన పాన్‌డబ్బా అతను చెప్పాడట. నుదుటి మీద తెల్ల చుక్క చూసి మా అత్తమ్మ సుక్కి అన్నది, అదే పేరైంది. అప్పటికి దానికి ఐదు నెలలు ఉంటాయని పశువుల డాక్టర్ చెప్పారు. కుక్కపిల్లకు మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల దాకా ఉండే వయసు చాలా ముఖ్యం, ఆ రోజుల్లో చూసిన మనుషులను, విన్న చప్పుళ్లను అది మామూలు సంగతులుగా తీసుకుంటుంది. సుక్కికి ఆ వయసు రోడ్డు మీదనే అయిపోయింది, అక్కడ మనుషుల దగ్గర అది చూసింది రాళ్లు, కర్రలు. ఇంట్లో మాతో బాగానే ఉండేది కానీ హెల్మెట్ పెట్టుకున్నవాళ్లన్నా, చేతిలో కర్ర ఉన్నవాళ్లన్నా, గ్యాస్ సిలిండర్ నేల మీద దొర్లించే చప్పుడన్నా వణికేది. ఏడాది దాటాక వణకడం పోయి ఎగబడటం మొదలైంది. ఒకరోజు గ్యాస్ అబ్బాయి ప్యాంటు చింపింది. కాలనీలో మాటలు మొదలయ్యాయి, మాకు టెన్షన్ మొదలైంది.

అప్పుడు ఒక క్యాంపు గురించి తెలిసింది. ఊరి బయట, 21 రోజులు కుక్కను వాళ్ల దగ్గరే ఉంచుకుంటారు, 28 వేలు, ఎంత కోపిష్టి కుక్కనైనా దారికి తెస్తామని గ్యారంటీ. మొదటి పది రోజులు చూడటానికి రావొద్దన్నారు, ఓనర్ కనపడితే మాట వినదట. మధ్యలో రెండు వీడియోలు పంపారు, రెండిట్లోనూ సుక్కి ఒక మనిషి కాళ్ల దగ్గర కదలకుండా కూర్చుని ఉంది. మేం ఎంత సంబరపడ్డామో చెప్పలేను. తిరిగి ఇంటికి వచ్చాక కూడా అంతే, కూర్చోమంటే కూర్చుంది, పడుకోమంటే పడుకుంది, గేటు దగ్గర ఎవరు పోయినా మొరగలేదు, గుర్రుమనలేదు. పక్కింటివాళ్లు కూడా మెచ్చుకున్నారు. మాకు లోపలివైపు ముళ్లున్న ఒక గొలుసు, రిమోట్‌తో షాక్ ఇచ్చే ఒక మెడబెల్టు ఇచ్చి, గుర్రుమంటే బటన్ నొక్కండి, ఇంట్లో లీడర్ మీరేనని దానికి తెలియాలి అని చెప్పి పంపారు.

ఇంటికొచ్చిన మూడో రోజు స్నానం చేయిస్తుంటే మెడ చుట్టూ వెంట్రుకల కింద మానుతున్న పుండ్లు చేతికి తగిలాయి. ఫోన్ చేసి అడిగితే మొదట్లో లాగింది, అందుకే అయ్యాయి అన్నారు. ఆ మాటను అప్పుడు నమ్మినందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను. ఇంకా చాలా కనిపించాయి కానీ వాటి అర్థం నాకు తెలియలేదు. మేం గదిలో ఉంటే గిన్నె ముట్టేది కాదు. ఎప్పుడూ గోడకు వీపు ఆనించి కూర్చునేది. దగ్గరికి వెళ్తే ఆవలించేది, పెదాలు నాకేది, తల తిప్పకుండా కంటి తెల్లగుడ్డు కనపడేలా ఓరగా చూసేది. నిద్ర వస్తున్నట్టుంది అనుకున్నాం. ఇవన్నీ కుక్క భయపడుతూ దూరం జరగమని అడిగే తీరు అని తర్వాత తెలిసింది. అవి పనిచేయకపోతే గుర్రుమంటుంది, అదీ పనిచేయకపోతే గాలిలో కొరుకుతుంది, ఆఖరికి కరుస్తుంది. క్యాంపులో చేసింది ఈ వరుసలో గుర్రుమనడాన్ని షాక్ ఇచ్చి తీసేయడం. లోపల భయం అలాగే ఉంది, బయటికి చెప్పే గొంతు మాత్రం పోయింది.

ఇంటికొచ్చాక సరిగ్గా 24వ రోజు మా అత్తమ్మ చీపురు చంకలో పెట్టుకుని నీళ్ల గిన్నె తీయడానికి వంగింది. చప్పుడు లేదు, గుర్రు లేదు, ముంజేతి మీద రెండు చోట్ల దిగింది. అత్తమ్మ అరుపు కంటే కూడా, కరిచాక సుక్కి మంచం కిందకు పోయి అక్కడే మూత్రం పోసుకుని వణికిన తీరు నాకు ఎక్కువ గుర్తుంది.

ఇక్కడ ఒక మాట తప్పకుండా చెప్పాలి. కుక్క ఇంటిదే కదా, టీకాలు వేయించాం కదా అని ఎవరూ ఊరుకోవద్దు. పసుపు, సున్నం, కారం లాంటివి పెట్టొద్దు. నల్లా కింద చెయ్యి పెట్టి సబ్బుతో పావుగంట కడిగాం, ఆ వెంటనే ఎంజీఎం ఆసుపత్రికి పోయాం, 0, 3, 7, 28 రోజుల లెక్కన సూదులు పూర్తిగా వేయించాం. కుక్కను పది రోజులు ఇంట్లోనే కనిపెట్టి ఉన్నాం.

క్యాంపువాళ్లకు ఫోన్ చేస్తే ఇంకో 15 రోజులు పంపండి, ఈసారి గట్టిగా చెప్తాం అన్నారు. మా మరిది ఎక్కడైనా దూరంగా వదిలేసి రమ్మన్నాడు. సుక్కిని వదలొద్దని అన్నది ఆ ఇంట్లో కరిపించుకున్న మనిషి ఒక్కతే. "అది నన్ను సూసి కరవలే, సీపురును సూసి కరిచింది" అన్నది అత్తమ్మ. అప్పుడు మాలో ఎవరికీ తట్టని మాట అది.

పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన ముందు చెవులు చూశారు. రెండు చెవుల్లోనూ ఇన్ఫెక్షన్, ఒకదాంట్లో చీము. నొప్పి ఉన్న కుక్క తొందరగా కరుస్తుంది, ఉన్నట్టుండి కరవడం మొదలుపెట్టిన ఏ కుక్కకైనా ముందు చెవులు, పళ్లు, కీళ్లు, తుంటి చూపించాకే ట్రైనింగ్ మాట ఎత్తాలి అన్నారు. 28 వేలు తీసుకున్నవాళ్లు 21 రోజుల్లో ఒక్కసారి చెవి ఎత్తి చూడలేదు. మందులు రాసి, ఈ రెండో ట్రైనర్ నంబరు ఇచ్చింది ఆయనే.

ఇక అసలు రివ్యూ. ఆమె మొదటి రోజు రెండు గంటలు కూర్చుంది, సుక్కిని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. లోపలికి రాకముందే ఫోన్‌లో అరగంట ప్రశ్నలు అడిగింది, ఎవరిని చూస్తే, ఎంత దూరంలో, ఏ టైంలో, అంతకుముందు ఏం జరిగింది, కరిస్తే పన్ను ఎంత లోతు దిగింది. ఇంట్లోకి వచ్చాక కుక్క వైపు చూడకుండా నేల మీద పక్కకు తిరిగి కూర్చుని మాతో మాట్లాడుతూ, ఉడికించిన కోడి కార్జం చిన్న చిన్న ముక్కలు సుక్కికి అవతలి పక్క పడేలా వేసింది. తిండి కోసం దగ్గరికి రావాలి అని ఆశ పెట్టడం కాదు, దూరం పోతే కూడా తిండి దొరుకుతుంది అని చెప్పడం అని వివరించింది. గంటన్నరకు సుక్కి తనంతట తానే వచ్చి ఆమె చెప్పుల వాసన చూసి పోయింది. క్యాంపు నుంచి వచ్చాక కొత్త మనిషి దగ్గరికి అది సొంతంగా నడవడం అదే మొదటిసారి. వెళ్లేముందు ముళ్ల గొలుసు, రిమోట్ బెల్టు రెండూ అడిగి తీసుకుని కవర్లో వేసి మా ఆయన చేతికిచ్చి, వీటిని ఇంట్లో ఉంచొద్దు అన్నది.

నేను హైస్కూల్లో సైన్స్ టీచర్ని, ఎవరేం చెప్పినా వెతికి చూసుకోవడం అలవాటు. ఈ లీడర్ మాట ఎక్కడిదని చూస్తే, రుడాల్ఫ్ షెంకెల్ అనే ఆయన బోనులో పెట్టిన తోడేళ్లను గమనించి 1947లో రాసిన దాంట్లో దాని మూలం దొరికింది. ఎక్కడెక్కడి తోడేళ్లనో ఒక్కచోట కుక్కితే అవి కొట్టుకున్నాయి, ఆ కొట్లాటనే తోడేళ్ల పద్ధతి, కుక్కలదీ అదే అనుకున్నారు. ఆ మాటకు బాగా ప్రచారం తెచ్చిన అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ మెక్, అడవిలో ఏళ్ల తరబడి చూశాక, తోడేళ్ల మంద అంటే అమ్మానాన్నా పిల్లలూ ఉన్న కుటుంబమే తప్ప పెత్తనం కోసం పోరాడే గుంపు కాదని 1999లో తానే రాశాడు. ఇంకా మన ట్రైనర్లు ఆ పాత మాటే పట్టుకుని కుక్కను వెల్లకిలా పడేసి మెడ మీద చెయ్యి పెడుతున్నారు.

అలా చేస్తే ఏమవుతుందో కూడా లెక్క ఉంది. 2009లో పెన్సిల్వేనియా యూనివర్సిటీవాళ్లు, ప్రవర్తన బాగాలేదని తీసుకొచ్చిన 140 కుక్కల ఓనర్లను అడిగారు. కొట్టడం, తన్నడం చేసినవాళ్లలో 43 శాతం మందికి కుక్క ఎదురు తిరిగింది. వెల్లకిలా పడేసినవాళ్లలో 31 శాతం, కళ్లలోకి గుచ్చి చూసినవాళ్లలో 30 శాతం. పోర్చుగల్‌లో 92 పెంపుడు కుక్కల మీద చేసి 2020లో వేసిన పరిశోధనలో, శిక్షలతో నేర్పిన కుక్కల్లో ఒత్తిడి లక్షణాలు, ఒత్తిడిలో ఒంట్లో పెరిగే కార్టిసాల్ అనే హార్మోను ఎక్కువ కనపడ్డాయి. షాక్ బెల్టులను వేల్స్‌లో 2010లోనే నిషేధించారు. మన దగ్గర కూడా 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం జంతువును కొట్టి అనవసరంగా బాధపెట్టడం నేరమే.

నన్ను అన్నిటికంటే ఎక్కువ కలచివేసింది ఇంకొకటి. 1967లో సెలిగ్‌మన్, మేయర్ అనేవాళ్లు కుక్కలకు తప్పించుకోలేని షాకులు ఇచ్చి, తర్వాత తప్పించుకునే దారి ఉన్న పెట్టెలో పెట్టి మళ్లీ షాక్ ఇస్తే, చాలా కుక్కలు దారి వెతకకుండా అక్కడే పడుకుండిపోయాయి. అది చదివినప్పుడు నాకు క్యాంపు వీడియో కళ్ల ముందుకొచ్చింది. అందులో కదలకుండా కూర్చున్న సుక్కిని చూసి మేం మిఠాయి పంచాం.

సరే, ఆమె నేర్పించిన పద్ధతికి వస్తాను. భయపెట్టే వస్తువు ఎంత దూరంలో ఉంటే సుక్కి చూసి కూడా తిండి తినగలుగుతుందో ముందు ఆ దూరం కనుక్కున్నాం. హెల్మెట్ మనిషికి అది 40 అడుగులు. ఆ దూరంలో మా ఆయన హెల్మెట్ పట్టుకుని కనపడాలి, కనపడ్డాకే కార్జం ముక్క పడాలి, ఆయన పక్కకు తప్పుకోగానే ముక్కలు ఆగాలి. ఈ వరుస తప్పొద్దు. ముందే తిండి చూపిస్తే, తిండి వచ్చిందంటే ఏదో భయం రాబోతుందని కుక్క అనుకుని తిండికే భయపడుతుందట. హెల్మెట్ వస్తే కార్జం వస్తుంది అనే లెక్క దాని ఒంటికి ఎక్కాలి, తిండికి ముందు వినే చప్పుడుకే చొంగ కార్చిన పావ్‌లోవ్ కుక్కల పాఠమే ఇది, నేను ఏటా పిల్లలకు చెప్తున్నదే. పది రోజులు 40 అడుగుల దగ్గరే ఉన్నాం. తర్వాత 35. తినడం మానేస్తే లేదా ముక్కను చేతిలోంచి గట్టిగా లాక్కుంటే, దగ్గరికి వచ్చేశాం, వెనక్కి పోవాలి అని గుర్తు. మా అత్తమ్మకు ఇది నచ్చలేదు. "భయపడినప్పుడల్లా తినవెడితే ఇంకింత ఎక్కువైతది కదా బిడ్డా" అన్నది. ట్రైనర్ చాలా ఓపిగ్గా, "అవ్వా, భయం అది కావాలని చేసే పని కాదు, తిండి ఇస్తే పెరగడానికి. చిన్న పిల్ల ఉరుముకు భయపడితే దగ్గరికి తీసుకుంటాం కదా, అందుకని ఇంకా ఎక్కువ భయపడుతుందా?" అంది. అత్తమ్మ ఆ రోజు నుంచి ఒక గిన్నె కార్జం తానే ఉడికించి పెట్టింది. ఉప్పు వేయొద్దు, ఉల్లిగడ్డ అసలు తగలొద్దు, ఉల్లి కుక్కలకు విషం.

చీపురుకు వేరే పాఠం. మొదటి వారం చీపురు నేల మీద ఒక మూలన పడి ఉంటుంది, దాని చుట్టూ ముక్కలు. రెండో వారం మా పాప దాన్ని చేత్తో పట్టుకుని కూర్చుంటుంది, ఊడవదు. ఊడ్చేదాకా రావడానికి ఆరు వారాలు పట్టింది.

మూతికి చిక్కం వేయడం కూడా నేర్పింది. నాకు మొదట బాధనిపించింది, శిక్ష లాగా. కానీ గుడ్డతో మూతి బిగించేది కాదు, బుట్టలా ఉండేది, లోపల నోరు తెరిచి వగరుస్తుంది, నీళ్లు తాగుతుంది. చిక్కం లోపల పెరుగు రాసి పట్టుకుంటే సుక్కే మూతి పెట్టాలి, మనం తొడగొద్దు. పన్నెండు రోజులకు బకిల్ పెట్టగలిగాం. ఇప్పుడు చిక్కం చూస్తే తోక ఊపుతుంది. డాక్టర్ దగ్గరికి పోయినప్పుడు, చుట్టాలు వచ్చినప్పుడు వేస్తాం, మా టెన్షన్ సగం అక్కడే తగ్గింది. మెడకు గొలుసు బదులు బాడీ బెల్టు, దానికి ఐదు మీటర్ల తాడు.

ఇంకొక సంగతి మా ఇంట్లో అందరికీ బాగా ఎక్కింది. ఒకే రోజు పొద్దున మిక్సీ, మధ్యాహ్నం ఎదురింటి పెళ్లి బ్యాండు, సాయంత్రం పిల్లల గోల అయితే రాత్రి చిన్న చప్పుడుకే సుక్కి లేచి ఎగబడేది. ఒక్కో భయం వెంటనే దిగిపోదు, ఒకదాని మీద ఒకటి ఒంట్లో చేరుతుంది. చెరువు నిండి ఉన్నప్పుడు చిన్న వానకే మత్తడి దూకినట్టు అని ఆమె చెప్పింది. అలాంటి రోజు ప్రాక్టీసు లేదు, బయట నడక కూడా లేదు, వెనక గదిలో నాకడానికి పెరుగు గిన్నె, ఫ్యాన్ చప్పుడు, అంతే.

ఆరో వారంలో ఒక సాయంత్రం పేపర్ బిల్లు అబ్బాయి గేటు తీయబోతే సుక్కి గుర్రుమంది. క్యాంపు తర్వాత మొదటి గుర్రు. నాకు గుండె ఆగినంత పనైంది, ఏడుస్తూ ట్రైనర్‌కు ఫోన్ చేశాను. ఆమె సంతోషపడింది. అబ్బాయిని వెనక్కి జరగమన్నారా లేదా అని అడిగింది, జరగమన్నాం అన్నాను. అయితే దానికి తన మాట పనిచేస్తుందని మళ్లీ తెలిసింది, ఇక కరవాల్సిన అవసరం తగ్గుతుంది అంది. గుర్రుమంటే తిట్టొద్దని మా ఇంట్లో అప్పటినుంచి రూలు.

డబ్బుల లెక్క: మొదటి విజిట్ 1,500, తర్వాత ఒక్కోటి 700, ఐదు నెలల్లో మొదటిదీ కలిపి 16 విజిట్లు, మొత్తం 12,000. బాడీ బెల్టు, చిక్కం, తాడు కలిపి ఇంకో రెండు వేల లోపు. క్యాంపుకు కట్టినదాంట్లో సగం.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. వాన పడితే రాదు, మూడుసార్లు ఆఖరి నిమిషంలో క్యాన్సిల్ చేసింది. సాయంత్రాలు దొరకదు, ఉద్యోగాలు చేసేవాళ్లకు ఆదివారం ఒక్కటే, దానికి రెండు వారాలు ఎదురుచూడాలి. ఇచ్చే ప్లాన్ కాగితం ఇంగ్లీషులో ఉంటుంది, ఇంట్లో కుక్కతో రోజంతా ఉండేది మా అత్తమ్మ, ఆమెకు అది ఎట్లా పనికొస్తుంది? మా పాప తెలుగులో రాసి ఫ్రిజ్ మీద అంటించింది. ఇది నేను ట్రైనర్‌కు ముఖం మీదే చెప్పాను, ఇకనుంచి తెలుగులో చేస్తానంది. ఇంకా, రోజూ మూడుసార్లు ఐదేసి నిమిషాలు ఇంట్లోవాళ్లే చేయాలి, డైరీ రాయాలి. చేయని ఇంటికి ఆమె రావడం మానేస్తుంది. మా మరిది ఒకసారి సరదాకు హెల్మెట్ పెట్టుకుని గేటు దూకి వస్తే మా పది రోజుల పని పోయింది.

గ్యారంటీ ఇవ్వదు. కరవదని రాసివ్వమని మా ఆయన అడిగితే, పళ్లున్న ఏ జంతువుకూ అలా రాసివ్వలేను, కరిచే పరిస్థితి రాకుండా చూసుకోవడం నేర్పగలను అంది. నాకు ఆమె మీద నమ్మకం కుదిరింది ఆ మాటతోనే. వణుకు మరీ ఎక్కువ ఉండి ఎంత దూరంలోనూ తినలేని కుక్కలను ఆమె తీసుకోకుండా ముందు డాక్టర్ దగ్గరికి పంపుతుంది, కొన్నిటికి కొంతకాలం మందులు అవసరం పడతాయట.

మీరు ఎవరికైనా డబ్బులు కట్టేముందు ఇది మాత్రం అడగండి: నా కుక్క సరిగ్గా చేస్తే ఏం జరుగుతుంది, తప్పు చేస్తే ఏం జరుగుతుంది, నేను పక్కన ఉండి చూడొచ్చా? చూడటానికి రావొద్దు అంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి.

ఇప్పుడు సుక్కి ఎలా ఉందంటే, పొద్దున ఐదున్నరకు వడ్డేపల్లి చెరువు వైపు నడకకు వస్తుంది, హెల్మెట్ మనిషి పది అడుగుల్లోంచి పోతే నా ముఖం చూసి ముక్క అడుగుతుంది. అత్తమ్మ ఊడుస్తుంటే అదే గదిలో పడుకుంటుంది, వెల్లకిలా, కాళ్లు పైకి పెట్టి. సిలిండర్ చప్పుడు ఇంకా కుదరలేదు, గ్యాస్ వచ్చే రోజు వెనక గదిలోనే ఉంచుతున్నాం. పటాకులు అసలు మొదలుపెట్టలేదు. దీపావళికి ముందు ఆమెవి రెండు ఆదివారాలు ఇప్పుడే బుక్ చేసుకున్నాం.